ఎన్‌సీఏఏ శిక్షల విధానం: ఆడే పిల్లల వైపు నుంచి, టికెట్ కొన్నవాళ్ల వైపు నుంచి ఒక రివ్యూ

2016 ఫిబ్రవరి 5 నాటికి లూయివిల్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు 22 మ్యాచ్‌లు ఆడి 18 గెలిచింది. మార్చిలో జాతీయ టోర్నమెంటుకి వెళ్లడం ఖాయమని అందరూ అనుకుంటున్న సమయం. ఆ రోజు యూనివర్సిటీ తనంతట తానే ప్రకటించింది, ఈ ఏడాది పోస్ట్‌సీజన్ (లీగ్ మ్యాచ్‌లయ్యాక జరిగే పెద్ద పోటీలు) ఆడబోమని. జట్టులో డామియన్ లీ, ట్రే లూయిస్ అని ఇద్దరున్నారు. ఒకరు డ్రెక్సెల్ నుంచి, ఇంకొకరు క్లీవ్‌లాండ్ స్టేట్ నుంచి, డిగ్రీ పూర్తయ్యాక ఆడుకోవడానికి మిగిలిన ఒక్క ఏడాదినీ పట్టుకుని 2015లో వచ్చారు. ఆ టోర్నమెంటులో అంతకుముందు ఇద్దరూ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అది ఆడదామనే వచ్చారు. శిక్షకి కారణమైన వ్యవహారం మాత్రం 2010-2014 మధ్యది. కాలేజీని చూడ్డానికి వచ్చే కుర్రాళ్లని ఆకట్టుకోవాలని జట్టు సిబ్బందిలో ఒకరు డార్మిటరీలో డాన్సర్లతో పార్టీలు పెట్టించారు. అప్పటికి లీ ఫిలడెల్ఫియాలో, లూయిస్ వేరే రాష్ట్రంలో చదువుకుంటున్నారు.

అమెరికా కాలేజీ ఆటల పెద్ద సంఘం ఎన్‌సీఏఏ నడిపే శిక్షల విధానాన్ని తూచడానికి ఈ ఇద్దరి కంటే సరైన తూకంరాళ్లు దొరకవు. అమెరికాలో పిల్లల్ని టెన్నిస్‌కో, గోల్ఫ్‌కో, స్విమ్మింగ్‌కో కాలేజీ జట్టులోకి పంపాలనుకునే తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. అక్కడ చదువుకుని, ఉద్యోగంలో చేరి పదేళ్లయినా శనివారం వస్తే కాలేజీ జెర్సీ తొడుక్కునే పూర్వవిద్యార్థులూ ఉన్నారు. ఈ రివ్యూ వాళ్లకి పనికొచ్చేలా రాసింది. చూసినవి ముఖ్యంగా రెండు: ఈ విధానం చెప్పిన పని చేస్తోందా, బిల్లు ఎవరి చేతికి వస్తోంది.

ముందు పని జరిగే వరస. ఫిర్యాదు రాగానే ఎన్‌ఫోర్స్‌మెంట్ సిబ్బంది విచారణ మొదలుపెడతారు. ఆధారాలు దొరికితే స్కూలుకి (అక్కడ కాలేజీనీ అలాగే అంటారు) అభియోగాల నోటీసు వెళ్తుంది, జవాబివ్వడానికి 90 రోజులు గడువు. ఆ తర్వాత ఇన్‌ఫ్రాక్షన్స్ కమిటీ ముందు వాదనలు, నిర్ణయం, ఆపైన అప్పీలు. తప్పుల్ని లెవెల్ 1, 2, 3 అని విడగొడతారు, ఒకటోది అన్నిటికంటే పెద్దది. కాగితం మీద ఇదంతా ఏడాదిలో తేలిపోయేలా కనిపిస్తుంది, కానీ తేలదు. ఎన్‌సీఏఏ కోర్టు కాదు. కాలేజీతో సంబంధం లేని మనిషిని రమ్మని సమన్లు పంపే అధికారం దానికి లేదు. బ్యాంకు కాగితాలు, ఫోన్ రికార్డులు కావాలంటే ఎవరైనా వాళ్లంతట వాళ్లు ఇవ్వాలి, లేదా ఏదో కోర్టు కేసులో బయటపడాలి. అందుకే ఏళ్లు పడతాయి.

ఎన్ని ఏళ్లంటే, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూఎస్‌సీ) అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్ రెజీ బుష్ నియమాలకి విరుద్ధంగా సొమ్ము, కానుకలు తీసుకున్నాడన్న కేసు చూడండి. అతను అక్కడ చివరి సీజన్ ఆడింది 2005లో. తీర్పు వచ్చింది 2010 జూన్ 10న. ఆ ఆగస్టులో పద్దెనిమిదేళ్ల వయసుతో యూఎస్‌సీలో చేరిన కుర్రాడికి, బుష్ ఆడుతున్న రోజుల్లో పదమూడేళ్లు. కాన్సస్ బాస్కెట్‌బాల్ సంగతీ అంతే. ఆటగాళ్ల చుట్టూ డబ్బు చేతులు మారిందన్న ఎఫ్‌బీఐ కేసు బయటపడింది 2017 సెప్టెంబరులో, తుది నిర్ణయం 2023 అక్టోబరులో. ఆరేళ్లు. అథ్లెట్‌కి కాలేజీ ఆట అంటే ఐదేళ్ల గడువులో నాలుగు సీజన్లు అనే లెక్క మీద నడిచిన వ్యవస్థ ఇది. అంటే కేసు తేలేలోపు పాత బ్యాచ్ మొత్తం వెళ్లిపోయి, కొత్త బ్యాచ్ కూడా సగం దారి దాటేస్తుంది. ఈ విధానంలో ఉన్న మిగతా లోపాలన్నీ ఈ ఆలస్యం నుంచే పుట్టాయి.

ఇక శిక్షలు. ఒక్కోటి విడిగా చూడాలి, ఎందుకంటే ఒక్కోటి ఒక్కొక్కరికి తగులుతుంది.

పోస్ట్‌సీజన్ నిషేధం

అన్నిటికంటే బరువైనది, అన్నిటికంటే గురి తప్పేది ఇదే. లీగ్ మ్యాచ్‌లన్నీ ఆడొచ్చు, కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి నడిపే లీగ్) టైటిల్ గానీ, బౌల్ గేమ్ (ఫుట్‌బాల్ సీజన్ చివర ఎంపికైన జట్లకి పెట్టే మ్యాచ్) గానీ, జాతీయ టోర్నమెంటు గానీ ఉండదు. 2011లో యూఎస్‌సీ 12 మ్యాచ్‌ల్లో 10 గెలిచింది, ఒరెగాన్‌ని వాళ్ల మైదానంలోనే 38-35తో ఓడించింది. నిషేధం ఉంది కాబట్టి తన డివిజన్ తరఫున టైటిల్ మ్యాచ్‌కి వెళ్లలేకపోయింది. దాని బదులు వెళ్లిన యూసీఎల్‌ఏ రికార్డు ఆరు గెలుపులు, ఆరు ఓటములు. అదే ఒరెగాన్ చేతిలో 49-31తో ఓడింది. శిక్ష యూఎస్‌సీ కుర్రాళ్ల దగ్గరే ఆగలేదు. టైటిల్ మ్యాచ్ విలువే పడిపోయింది, దానికి టికెట్ కొన్నవాళ్లు కూడా నష్టపోయారు.

ఒక్లహోమా స్టేట్ బాస్కెట్‌బాల్ కేసు ఇంకా బాధ పెడుతుంది. ఒక అసిస్టెంట్ కోచ్ లంచాలు తీసుకుని ఆటగాళ్లని ఫలానా ఫైనాన్షియల్ అడ్వైజర్ల వైపు మళ్లించడానికి ఒప్పుకున్నాడు. 2017లోనే అతన్ని తీసేశారు. ఒక ఆటగాడికి 300 డాలర్లు అందాయి, దానికి అతను మూడు మ్యాచ్‌లు బయట కూర్చుని శిక్ష అనుభవించేశాడు. అయినా 2020 జూన్‌లో జట్టు మొత్తానికి ఒక ఏడాది నిషేధం వేశారు. స్కూలు అప్పీలుకి వెళ్లడంతో అది వాయిదా పడింది. ఆ వాయిదా వల్ల కేడ్ కనింగ్‌హమ్ 2021 టోర్నమెంటు ఆడి, అదే ఏడాది ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా వెళ్లాడు. 2021 నవంబరులో అప్పీలు కొట్టేశారు. 2022 మార్చిలో ఇంట్లో కూర్చున్నది ఆ తర్వాతి జట్టు. ఇందులో కనింగ్‌హమ్ తప్పేమీ లేదు. ఒకే శిక్ష, అప్పీలు ఎన్ని నెలలు నడిచిందన్న దాన్నిబట్టి వేరే పిల్లల మీద పడటమే ఇక్కడి తప్పు.

స్కూళ్లు తమకి తామే వేసుకునే నిషేధాల్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. అందులో లెక్కలుంటాయి. 2011లో ఒహాయో స్టేట్ ఆరు గెలిచి ఆరు ఓడి, గేటర్ బౌల్‌కి వెళ్లి అదీ ఓడింది. ఆటగాళ్లు తమ జ్ఞాపికలిచ్చి టాటూలు వేయించుకున్న కేసు అప్పటికే నడుస్తోంది. ఆ ఏడాది బౌల్ వదులుకుని ఉంటే సరిపోయేదేమో అన్న మాట అక్కడి అభిమానుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. వదులుకోలేదు. ఎన్‌సీఏఏ 2012కి నిషేధం వేసింది. 2012లో జట్టు పన్నెండుకి పన్నెండు గెలిచి, నవంబరులోనే సీజన్ ముగించి ఇంటికెళ్లింది. ఆఫీసులో కూర్చున్నవాళ్ల అంచనా తప్పితే ఆ మూల్యం మైదానంలో ఉన్నవాళ్లు కట్టారు.

ఐపీఎల్ చూసేవాళ్లకి ఇది కొత్త బాధ కాదు. 2016, 2017లో చెన్నై, రాజస్థాన్ జట్లు లేకుండా సీజన్లు నడిచాయి. తేడా ఏమిటంటే అక్కడ ధోనీ లాంటివాళ్లకి పుణెలోనో గుజరాత్‌లోనో చోటు దొరికింది, 2018లో జట్లు తిరిగొచ్చాయి. కాలేజీ కుర్రాడికి తిరిగొచ్చే 2018 ఉండదు.

చావుశిక్ష

అభిమానులు పెట్టిన పేరే ఇది. ఐదేళ్లలో రెండోసారి పెద్ద తప్పు చేస్తే ఆ ఆటనే మూసేయొచ్చు. ఫుట్‌బాల్‌లో పెద్ద స్కూలు మీద దీన్ని ప్రయోగించింది ఒక్కసారే, 1987 ఫిబ్రవరి 25న, డల్లాస్‌లోని ఎస్‌ఎంయూ మీద. బూస్టర్ అంటే జట్టు మీద అభిమానంతో డబ్బు పెట్టే దాత. అలాంటి ఒక బూస్టర్ ఇచ్చిన సొమ్ములోంచి 13 మంది ఆటగాళ్లకి మొత్తం 61,000 డాలర్లు పంచారు. 1987 సీజన్ రద్దయింది. 1988లో ఏడు బయటి మ్యాచ్‌లు ఆడుకోవచ్చన్నారు, జట్టులో మనుషులే మిగల్లేదని స్కూలే వద్దనుకుంది. నాలుగేళ్లలో 55 స్కాలర్‌షిప్‌లు పోయాయి.

1989లో తిరిగి మొదలెట్టినప్పుడు జట్టు నిండా ఫస్టియర్, సెకండియర్ పిల్లలే. హ్యూస్టన్ చేతిలో 95-21తో ఓడారు. 1989 నుంచి 2008 దాకా ఇరవై సీజన్లలో ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్న సీజన్ ఒక్కటే, 1997. మళ్లీ బౌల్ ఆడింది 2009లో. చెల్లింపులు కొనసాగించాలన్న నిర్ణయంలో తన పాత్ర ఉందని అప్పటి టెక్సస్ గవర్నర్ బిల్ క్లెమెంట్స్ స్వయంగా ఒప్పుకున్నారు, పదవీకాలం పూర్తిచేశారు. ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో స్థిరపడిన మనవాళ్ల పిల్లలు ఇవాళ ఎస్‌ఎంయూ జట్టుని చూసేది 2024లో ఏసీసీ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో చేరి, ఆ ఏడాదే ప్లేఆఫ్‌కి వెళ్లిన జట్టుగా. వాళ్ల పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన ఎందుకు కళ్లు తుడుచుకుంటున్నాడో తెలియాలంటే ఆ ఇరవై సీజన్ల లెక్క తెలియాలి.

స్కాలర్‌షిప్ కోత

ఇది పైకి నొప్పి తెలియకుండా లోపల్లోపల తినేసే శిక్ష. ఫుట్‌బాల్‌లో అప్పటి గరిష్ఠం 85, ఏడాదికి కొత్తగా 25 మంది. యూఎస్‌సీకి మూడేళ్లపాటు దాన్ని 75కి, 15కి తగ్గించారు. పదిమంది తగ్గితే ఏమవుతుందని అడుగుతారు. ప్రాక్టీసులో గట్టిగా ఢీకొట్టుకోనివ్వరు, ఒకడికి దెబ్బ తగిలితే ఆ స్థానంలో రెండోవాడు ఉండడు. కిక్కాఫ్, పంట్ జట్లలోకి కూడా మొదటి వరస ఆటగాళ్లనే దింపాలి, దాంతో వాళ్లకి దెబ్బలు ఇంకా పెరుగుతాయి. కొత్తగా వచ్చిన పదిహేనుమందిలో నలుగురు అంచనా తప్పితే ఆ గుంట నాలుగేళ్లు పూడదు. అందుకే దెబ్బ మొదటి ఏడాది కనపడదు. 2012లో యూఎస్‌సీ నిషేధం తీరి, ఏపీ వార్తాసంస్థ ర్యాంకింగ్స్‌లో మొదటి స్థానంతో సీజన్ మొదలెట్టి, 7 గెలుపులు, 6 ఓటములతో ముగించింది. నిషేధం అయిపోయింది కదా అని సీజన్ టికెట్ కొన్నవాళ్లు గమనించనిది ఈ కోతనే. 2025-26 నుంచి పెద్ద స్కూళ్లలో స్కాలర్‌షిప్ గరిష్ఠాలు పోయి జట్టు పరిమాణానికి పరిమితి వచ్చింది, ఫుట్‌బాల్‌కి 105. కాబట్టి ఈ కోత ఇకముందు పాత లెక్కలో ఉండదు.

గెలుపుల చెరిపివేత

మ్యాచ్ ఓడినట్టు కాదు, ఆడనట్టూ కాదు. గెలిచినవాళ్ల ఖాతాలోంచి గెలుపు పోతుంది, ఓడినవాళ్ల ఖాతాలో ఓటమి అలాగే ఉంటుంది. 2005 జనవరిలో ఆరెంజ్ బౌల్‌లో యూఎస్‌సీ 55-19తో ఒక్లహోమాని ఓడించింది. యూఎస్‌సీ గెలుపు చెరిగింది, ఒక్లహోమా ఓటమి చెరగలేదు. లూయివిల్ 123 గెలుపులూ, 2013 టైటిలూ 2018 ఫిబ్రవరిలో పోయాయి. పైకప్పు నుంచి బ్యానరు దించారు. అలబామాలో స్కాలర్‌షిప్ కింద ఉచితంగా వచ్చే పాఠ్యపుస్తకాల్ని కొందరు వేరేవాళ్ల కోసం తీసుకున్నారన్న కేసులో, 16 ఆటల అథ్లెట్ల పేర్లు బయటికొచ్చి, 2009లో 21 ఫుట్‌బాల్ గెలుపులు చెరిగాయి.

ఇది నికరంగా ఎవరికీ పనికిరాని శిక్ష. తప్పు చేసినవాడి జేబులోంచి ఒక్క డాలరు రాదు. ఆ రాత్రి అరచి గొంతు పోగొట్టుకున్న అభిమానికి, అసలేమీ తీసుకోని ఆటగాడికి మాత్రం గుండెలో ముల్లు మిగులుతుంది. లూయివిల్ 2013 జట్టులోని కొందరు కోర్టుకెళ్లాల్సి వచ్చింది. 2019లో రాజీ కుదిరాక, ఫైనల్ ఫోర్ ఉత్తమ ఆటగాడిగా లూక్ హాన్‌కాక్‌కి వచ్చిన గౌరవం చెల్లుతుందని తేలింది.

టీవీ నిషేధం ఇప్పుడు వాడుకలో లేదు. ఆ ఒక్కటి పోవడం మంచిదే. 1993లో ఆబర్న్ పదకొండుకి పదకొండు గెలిచిన సీజన్ మ్యాచ్‌లు టీవీలో రాలేదు, జనం రేడియో పక్కన కూర్చుని విన్నారు. అలబామాతో మ్యాచ్ నాడు టస్కలూసాలో అలబామా తన స్టేడియం తెరిచి క్లోజ్డ్ సర్క్యూట్ తెర మీద చూపించింది. తప్పు ఆబర్న్‌ది, తెర ముందు కూర్చున్నది ప్రత్యర్థి అభిమానులు.

చదువు మార్కుల మీద పడే నిషేధం వేరే దారి. ఏపీఆర్ అంటారు. స్కాలర్‌షిప్ ఉన్న ప్రతి ఆటగాడికీ టర్ముకి రెండు పాయింట్లు: చదువులో అర్హత నిలబెట్టుకుంటే ఒకటి, కాలేజీలో కొనసాగితే ఒకటి. నాలుగేళ్ల సగటు వెయ్యికి 930కి తగ్గకూడదు. క్లాసులు ఎగ్గొట్టి మధ్యలో వెళ్లిపోయినవాడు రెండు పాయింట్లూ పోగొడతాడు, ఆ గుంట నాలుగేళ్లు సగటులో ఉంటుంది. కనెటికట్ బాస్కెట్‌బాల్ జట్టు 2013లో ఇలాగే ఆగిపోయింది. వెళ్లిపోకుండా నిలబడిన షబాజ్ నేపియర్, రయన్ బోట్‌రైట్ 2014లో టైటిల్ గెలిచారు. వాళ్లకి ఇంకో ఏడాది మిగిలి ఉంది కాబట్టి సరిపోయింది. 2013లోనే ఆట ముగిసిన సీనియర్లకి ఆ అవకాశం లేదు.

జరిమానా, షో-కాజ్: బాగుపడిన భాగం

ఇక్కడ మెచ్చుకోవాలి. 2022లో వచ్చిన కొత్త నియమావళి, తప్పులో భాగం లేని అథ్లెట్లకి వీలైనంతవరకు శిక్ష తగలకూడదని రాసింది. అది కాగితానికే పరిమితం కాలేదు. 2023 జులై 14న టెనసీ ఫుట్‌బాల్ మీద 18 లెవెల్ 1 తప్పులు రుజువయ్యాయి. పాత రోజుల్లో అయితే రెండేళ్ల బౌల్ నిషేధం తప్పేది కాదు. నిషేధం వేయలేదు, 80 లక్షల డాలర్లకు పైగా జరిమానా వేశారు. కోచ్ జెరెమీ ప్రూయిట్‌కి ఆరేళ్ల షో-కాజ్ పడింది. షో-కాజ్ అంటే ఆ గడువులో అతన్ని ఏ కాలేజీ తీసుకోవాలన్నా కమిటీ ముందుకొచ్చి కారణం చెప్పుకోవాలి. ఆచరణలో ఎవరూ తీసుకోరు.

2025 ఆగస్టు 15న మిషిగన్ మీద వచ్చిన నిర్ణయం ఇంకా స్పష్టం. ప్రత్యర్థుల సైగల్ని దొంగతనంగా రికార్డు చేయించిన కేసు అది. నిషేధానికి తగిన తప్పే అయినా ఇప్పుడున్న ఆటగాళ్లకి అన్యాయమవుతుందని కమిటీ రాసి మరీ మానుకుంది. బదులుగా ఫుట్‌బాల్ బడ్జెట్‌లో 10 శాతం, రెండు సీజన్ల పోస్ట్‌సీజన్ రాబడికి సమానమైన సొమ్ము, మరికొన్ని కలిపి కట్టమంది. అంచనాలు 2 కోట్ల డాలర్లు దాటాయి. పథకం నడిపిన ఉద్యోగికి ఎనిమిదేళ్లు, మాజీ కోచ్ జిమ్ హార్బాకి పదేళ్లు షో-కాజ్.

రెండు లోపాలు మాత్రం మిగిలే ఉన్నాయి. షో-కాజ్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చెల్లదు. హార్బా 2024లోనే ఆ లీగ్‌లోని చార్జర్స్ జట్టుకి వెళ్లిపోయారు. జరిమానా సంగతంటారా, స్కూలు ఆటల ఖాతా ఒకటే. ఫుట్‌బాల్ తప్పుకి కట్టిన డబ్బు, ఈత, టెన్నిస్, గోల్ఫ్ జట్లకి వెళ్లాల్సిన సంచిలోంచే పోతుంది. మన పిల్లలు ఎక్కువగా ఉండేది ఆ జట్లలోనే. పిల్లలకి కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫుట్‌బాల్ వాళ్ల మీద కేసు నడుస్తోందా అని టెన్నిస్ కోచ్‌ని అడగడం అనవసరమైన ప్రశ్న కాదు.

శిక్ష పడ్డ స్కూల్లో పిల్లలుంటే

తీర్పు కాగితంలో మొదట ప్రొబేషన్‌నీ నిషేధాన్నీ వేరు చేసుకోండి. ఐదేళ్ల ప్రొబేషన్ అంటే ఐదేళ్లు ఆడకూడదని కాదు, ఏటా రిపోర్టులు ఇవ్వాలని. తర్వాత నిషేధం ఎన్ని ఏళ్లు, పిల్లలకి మిగిలిన సీజన్లు ఎన్ని అని పక్కపక్కన రాసుకోండి.

వెళ్లిపోదామనుకుంటే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది, 2018 అక్టోబరు నుంచి. రాతపూర్వకంగా అడిగితే స్కూలు రెండు పనిదినాల్లో పేరు ఎక్కించాలి. అయితే పేరు ఎక్కిన టర్ము చివర పాత స్కూలు స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. కొత్త చోటు దొరక్క, పాతది పోయి ఇబ్బంది పడేది ఇక్కడే. ఒక్కో ఆటకి ఒక్కో గడువుంటుంది, 2026లో ఫుట్‌బాల్‌కి జనవరి 2 నుంచి 16 దాకానే. కాబట్టి తేదీలు ముందే కంప్లయన్స్ ఆఫీసులో అడిగి రాసుకోవాలి.

క్రెడిట్ల లెక్క అందరూ మర్చిపోయేది. మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 పూర్తవ్వాలన్నది చాలాకాలంగా ఉన్న లెక్క, కాలేజీ మారేవాళ్లకి ఇప్పుడెంతో అడిగి తెలుసుకోవాలి. 120 క్రెడిట్ల డిగ్రీ అయితే 48, 72, 96. పిల్ల చేతిలో 75 క్రెడిట్లున్నాయి, నాలుగో ఏడాదికి మారుతోంది అనుకోండి. కొత్త కాలేజీ ఆ డిగ్రీకి 58 మాత్రమే పనికొస్తాయంటే ఆమెకి ఆడే వీలుండదు. క్రెడిట్లు తీసుకోవడం వేరు, డిగ్రీకి లెక్కించడం వేరు. మాట ఇచ్చేముందు రెండోదే రాతలో అడగాలి, అదీ కోచ్‌ని కాదు, ఆ డిపార్ట్‌మెంటుని.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో మెట్టుంది. కొత్త కాలేజీ అడ్మిషన్ లెటర్ వచ్చాకే పాత కాలేజీ డీఎస్‌ఓతో (విదేశీ విద్యార్థుల వీసా పత్రాలు చూసే అధికారి) సెవిస్ (ప్రభుత్వ విద్యార్థి రికార్డుల వ్యవస్థ) రిలీజ్ తేదీ పెట్టించుకోవాలి. ఆ తేదీ దాటితే రికార్డు కొత్త కాలేజీ చేతికి వెళ్లిపోతుంది, ఐ-20 అక్కడి నుంచే రావాలి. తొందరపడి ముందే పెట్టించుకుని, ఆ తర్వాత మనసు మార్చుకుంటే చిక్కే. కొత్త జట్టు డబ్బిస్తానన్నా, అది వీసా నిబంధనల ప్రకారం ఉద్యోగం కిందికి వస్తుందేమో ఇమిగ్రేషన్ లాయర్ని అడక్కుండా సంతకం పెట్టొద్దు.

టికెట్ కొనేవాళ్లు చూసుకోవాల్సింది

తేదీలు గమనించండి. యూఎస్‌సీ తీర్పు జూన్ 10, పెన్ స్టేట్ జులై 23, టెనసీ జులై 14, మిషిగన్ ఆగస్టు 15. ఫుట్‌బాల్ సీజన్ టికెట్ రెన్యూవల్ చాలా స్కూళ్లలో వసంతంలోపే ముగుస్తుంది. అంటే డబ్బు కట్టేశాకే శిక్ష తెలుస్తుంది. అభియోగాల నోటీసు వచ్చిన స్కూలైతే, రెన్యూవల్‌కి ముందే కేసు ఏ మెట్టులో ఉందో చూసుకోండి. విచారణ తేదీ పడిందంటే తీర్పు దగ్గరపడుతున్నట్టే.

మంచి సీట్లకి టికెట్ ధరతో పాటు విరాళం కూడా అడుగుతారు. నిషేధం పడిందని విరాళం తిరిగివ్వరు. పైగా ఆ విరాళంలో 80 శాతానికి పన్ను మినహాయింపు ఉండేది, 2018 నుంచి అదీ లేదు. సీటు వదులుకుంటే ఏళ్లతరబడి కూడబెట్టిన ప్రాధాన్యం పోతుందేమోనన్న భయంతో చాలామంది కట్టేస్తారు. ఆ భయం నిజమే. మానేయడం కంటే విరాళం తక్కువుండే వరసకి మారడం నయం. తీర్పు రాకముందే డిసెంబరు ప్రయాణానికి రద్దు కుదరని టికెట్లు మాత్రం కొనొద్దు.

ఈ విధానంలో ఇంకా రావాల్సింది ఒకటుంది. శిక్షని మధ్యలో తిరిగి చూసే ఏర్పాటు నియమంగా ఉండాలి. ఇప్పుడది ఎప్పుడో ఒకసారి జరిగే ఉపకారంలా ఉంది. పెన్ స్టేట్‌లో ఆ ఉపకారం జరిగింది. మాజీ అసిస్టెంట్ కోచ్ పిల్లల మీద చేసిన లైంగిక అత్యాచారాల వ్యవహారంలో 2012 జులైలో ఆ ఫుట్‌బాల్ జట్టుకి నాలుగేళ్ల బౌల్ నిషేధం, 6 కోట్ల డాలర్ల జరిమానా, 65కి స్కాలర్‌షిప్ కోత పడ్డాయి. ఎవరైనా వెంటనే వేరే జట్టుకి పోయి ఆడొచ్చన్నారు. రన్నింగ్ బ్యాక్ సైలస్ రెడ్ యూఎస్‌సీకి, కిక్కర్ ఆంథనీ ఫెరా తన టెక్సస్‌కి వెళ్లారు. మైకేల్ మౌటీ లాంటి సీనియర్లు నిలబడి, మిగతావాళ్లని నిలబెట్టారు. ఫెరా స్థానంలోకి శామ్ ఫికెన్ అనే కుర్రాడు వచ్చాడు. సెప్టెంబరు 8న వర్జీనియా మీద నాలుగు ఫీల్డ్ గోల్స్ తప్పాడు, జట్టు 17-16తో ఓడింది. నవంబరులో విస్కాన్సిన్ మీద ఓవర్‌టైమ్‌లో గెలిపించిన మూడు పాయింట్ల కిక్ కూడా అతనిదే. ఎనిమిది గెలిచిన ఆ జట్టు పేరిట, గొప్ప జట్ల సంవత్సరాలు రాసే చోట బీవర్ స్టేడియంలో 2012 అని రాశారు. మౌటీ బ్యాచ్‌కి దక్కింది అదే, బౌల్ దక్కలేదు.

స్కూల్లో జరిగిన మార్పుల్ని చూసి రిపోర్టులిచ్చే బాధ్యత మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్‌కి ఇచ్చారు. ఆ రిపోర్టులు బాగుండటంతో 2014 సెప్టెంబరులో, రెండు సీజన్లు గడిచాక, నిషేధం ఎత్తేశారు. అప్పటికి ఫికెన్ సీనియర్. డిసెంబరు 27న యాంకీ స్టేడియంలో బోస్టన్ కాలేజీతో పిన్‌స్ట్రైప్ బౌల్. చివరి నిమిషంలో 45 గజాల నుంచి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో అవతలివాళ్ల అదనపు పాయింట్ తప్పింది. పెన్ స్టేట్ టచ్‌డౌన్ చేశాక ఫికెన్ కొట్టిన ఒక్క పాయింటుతో మ్యాచ్ 31-30. నిషేధం రాసినట్టే నాలుగేళ్లూ నడిచి ఉంటే, ఆ రోజు అతను ఇంట్లో టీవీ ముందు ఉండేవాడు.